స్విచ్ వదిలిన తర్వాత

కరెంటు పోయింది. మే నెల, సాయంత్రం నాలుగున్నర. హైదరాబాద్‌లో ఆ వేళ ఈదురుగాలి లేచిందంటే మొదట పోయేది అదే. మా అపార్ట్‌మెంట్ డాబా మీది రేకుల గదిలో నేను పాత టేకు చెక్కను చిత్రిక పడుతున్నాను. చేతిలోని ప్లానర్ మెషీన్ మూలుగుతూ ఆగిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి కిందికి వెళ్లాను. టీ పెట్టుకుని, కప్పుతో మళ్లీ మెట్లెక్కాను. గది గుమ్మంలో ఉండగా కరెంటు వచ్చింది.

తర్వాతిదంతా మూడు సెకన్ల వ్యవహారం. ఎవరూ పట్టుకోని మెషీన్ బల్ల మీద ఒక్కసారిగా అరిచింది. అలాంటిది ముందుకు దూకుతుందని అనుకుంటాం. కాదు, వెనక్కి పరిగెత్తింది. అంటే పని చేసేటప్పుడు నేను నిలబడే వైపుకు. బల్ల అంచు దాటి నేల మీద పడి, పడినచోట తన వైరును తానే కొరికేసుకుంది. గోడకున్న డబ్బాలో ఈఎల్‌సీబీ టక్కున పడిపోయింది. గదిలో కాలిన వాసన, బల్ల మీద జానెడు పొడవున తాజా గాడి. నా చేతిలో టీ కప్పు అలాగే ఉంది, చెయ్యి మాత్రం వణుకుతోంది. అరగంట ముందు ఆ గాడి ఉన్నచోటికి సరిగ్గా ఎదురుగా నా పొట్ట ఉంది.

తప్పు మెషీన్‌ది కాదు. ప్లానర్ పిడిలో ట్రిగ్గర్ పక్కనే ఒక చిన్న బటన్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని దాన్ని లోపలికి తోస్తే స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. వేలు నొప్పి పుట్టకుండా చేసిన ఏర్పాటు. పొడుగు చెక్కలకు సుఖంగా ఉందని నేను దాన్ని నొక్కే ఉంచేదాన్ని. కరెంటు పోయినప్పుడు మెషీన్ ఆగింది కానీ స్విచ్ ఆగలేదు. చప్పుడు లేదు కాబట్టి ఆపేశాననే భ్రమలో ప్లగ్గు కూడా తీయకుండా వెళ్లిపోయాను. కరెంటు పోవడం ఎరగని దేశాల్లో ఈ బటన్ ఎలాంటిదో గానీ, మన దేశంలో మాత్రం అది ఒక ఉచ్చు.

అసలు నా ఇంట్లో ఆ మెషీన్ ఎందుకుందో చెప్పాలి. తెనాలి దగ్గర మా ఊళ్లో తాతగారి ఇల్లు 2022లో పడగొట్టారు. తలుపులు, ద్వారబంధాలు అమ్మేద్దామంది అమ్మ. కొనేవాడు బేరం కూడా కుదుర్చుకున్నాడు. మూడు తలుపుల చెక్కలు మాత్రం నేను లారీ మీద హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ పుస్తకాలు పదిహేనేళ్లుగా అట్టపెట్టెల్లో మగ్గుతున్నాయి. తాతగారి తలుపులతో వాటికొక అలమర చేయాలని కోరిక. వడ్రంగికి ఇస్తే వారంలో అయ్యే పని. కానీ రోజంతా ఇతరుల మాటలు రాసుకుని బతికే మనిషికి, చేత్తో ఏదైనా వస్తువు చేయాలన్న యావ ఒక వయసులో పట్టుకుంటుంది. నాకు ముప్ఫై దాటాక పట్టుకుంది. రాణిగంజ్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ప్లానర్ కొన్నాను. దానితో బుక్‌లెట్ రాలేదు. వచ్చినా చదివేదాన్ని కాదనుకుంటా. రాజ్యాంగంలోని 12 షెడ్యూళ్లూ పరీక్ష కోసం బట్టీ పట్టినదాన్ని, ఒక చిత్రిక మెషీన్ గురించి ఎవరైనా నేర్పాలని నాకు తోచలేదు.

ఎందుకు తోచలేదంటే, చిత్రిక పట్టడం నాకు తెలుసనుకున్నాను. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆచారి బాబాయ్ అరుగు మీదే గడిచేవి. ఆయన మాకు బంధువేమీ కాదు. ఊళ్లో వడ్రంగం చేసే కుటుంబం, మా వీధి చివరి ఇల్లు. పిల్లలందరికీ ఆయన బాబాయే. అరుగే ఆయన కార్ఖానా. గొంతుక్కూర్చుని, చెక్క ఒక చివర కాలి మడమతో తొక్కిపట్టి, రెండు చేతులతో తోపడా తోస్తుంటే చెక్క పొట్టు పల్చటి చుట్టలుగా పైకి లేచేది. ఆ చుట్టలు మాకు ఉంగరాలు, గాజులు. పని మధ్యలో ఆయన తోపడాను తిరగేసి, అడుగున బొటనవేలు ఆనించి, ఉలి ఎంత బయటికొచ్చిందో చూసుకునేవారు. కొలబద్దతో కాదు, వేలితోనే. తోపడా నోట్లో పొట్టు ఇరుక్కుంటే చూపుడువేలితో లాగిపారేసేవారు. కింద పెట్టేటప్పుడు ఉలి మొద్దుబారకుండా పక్కకు ఒరిగించి పెట్టేవారు. ఒక్కటీ దండగ కదలిక లేని పని. ఇప్పటికీ ఎక్కడైనా నైపుణ్యం గురించి రాయాల్సి వస్తే నా కళ్ల ముందు కదిలేవి ఆ చేతులే.

వైరు తెగిన రాత్రి ఆయనకు ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే సలహా కోసం కాదు, ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు. అంతా విన్నారు. "దెబ్బేం తగల్లేదుగా?" అన్నారు. లేదన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత అడిగారు, "అమ్మాయ్, నా కుడిచెయ్యి ఎప్పుడన్నా చూశావా నువ్వు?"

చూశాను. అదే ఇక్కడ చెప్పుకోవలసిన విషయం.

2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. వడ్రంగం, కమ్మరం, కుమ్మరం సహా 18 వృత్తులు. తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రుణం, 5 శాతం వడ్డీ. పనిముట్లకు 15 వేల రూపాయలు. దానిపై కథనం కోసం నేను ఊళ్లు తిరిగాను. సహజంగానే మా ఊరూ వెళ్లాను, ఆచారి బాబాయ్ అరుగు మీదా కూర్చున్నాను. అప్పటికి ఆయన దగ్గర కరెంటు ప్లానర్ ఉంది. పథకం కంటే చాలా ముందే సొంత డబ్బుతో కొనుక్కున్నది. రుణం గురించి అడిగాను, బ్యాంకు గురించి అడిగాను, రెడీమేడ్ తలుపులొచ్చాక గిరాకీ ఎంత పడిందో అడిగాను. ఆయన కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. ఆ చేత్తోనే నాకు మంచినీళ్ల గ్లాసు అందించారు. చూశాను. అడగడం బాగుండదనుకున్నాను. నా నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీలన్నీ అంకెలే. ఆ వేళ్లు మాత్రం ఎక్కడా లేవు.

ఫోన్‌లో ఆ రాత్రి చెప్పారు. 2019లో జరిగిందట. ఒక ఇంటి కిటికీ రెక్కలకు పచ్చి వేప చెక్క చిత్రిక పడుతున్నారు. పచ్చి చెక్క పొట్టు తడిగా, ముద్దగా ఉంటుంది. మెషీన్ పక్కనుండే గొట్టంలో అది అడ్డం పడింది. స్విచ్ వదిలేశారు. వదిలి, నలభై ఏళ్లుగా తోపడా నోట్లో పొట్టు లాగిన వేళ్లతోనే గొట్టంలోని పొట్టు లాగబోయారు.

"స్విచ్ వదిలేశానమ్మా. నిజంగా వదిలేశాను. కానీ అది ఇంకా తిరుగుద్దని చేతికి తెలవదు గదా" అన్నారు.

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే లెక్క చూడండి. చేతి ప్లానర్లలో సర్వసాధారణమైన రకం 82 మిల్లీమీటర్ల వెడల్పుది. దాని అడుగున ఒక చిన్న డోలు, దానికి రెండు బ్లేడ్లు. ఖాళీగా తిరిగినప్పుడు వేగం నిమిషానికి సుమారు 16 వేల చుట్లు. అంటే సెకనుకు 266 చుట్లు. రెండు బ్లేడ్లు కాబట్టి సెకనుకు 530కి పైగా కోతలు. ట్రిగ్గర్ వదిలిన క్షణంలో అది ఆగదు. తన ఊపుతో తాను తిరుగుతూనే ఉంటుంది. నా మెషీన్‌ను ఫోన్‌లోని స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. పూర్తిగా నిలవడానికి ఆరు సెకన్లు పట్టింది. మొదటి రెండు సెకన్లలో చప్పుడు సగానికి సగం తగ్గిపోతుంది. అక్కడే చెవి మోసపోతుంది. చివరి సెకన్లలో దాదాపు నిశ్శబ్దంగా తిరిగే బ్లేడు కూడా వేలిని తీసుకోవడానికి చాలు.

ప్లానర్ ప్రమాదం అనగానే మనం చెక్కను కోస్తున్న క్షణాన్ని ఊహించుకుంటాం. నిజానికి ఆ క్షణంలో రెండు చేతులూ రెండు పిడుల మీద ఉంటాయి, బ్లేడు చెక్క మీద ఉంటుంది, మనసు కూడా అక్కడే ఉంటుంది. పని ఆపాక వచ్చే సెకన్లే చెడ్డవి. చేతులు ఖాళీ అవుతాయి, బ్లేడుకు చెక్క అడ్డు ఉండదు, మనసు తర్వాతి పని మీదికి పోతుంది. పైగా ఆ సమయంలో చేతిని నడిపేది అలవాటు. పనితనం ఎంత పాతదైతే అలవాటు అంత గట్టిది. ఆచారి బాబాయ్ నాలాంటి కొత్తవారు కావడం వల్ల వేళ్లు పోగొట్టుకోలేదు. మంచి పనివాడు కావడం వల్లే పోగొట్టుకున్నారు. బొటనవేలితో ఉలి చూసుకోవడం, వేలితో పొట్టు తీయడం, ఒరిగించి కింద పెట్టడం, మడమతో చెక్క తొక్కిపట్టడం - తోపడా దగ్గర ఈ నాలుగూ విద్య. కరెంటు మెషీన్ దగ్గర నాలుగూ నాలుగు గాయాలు. పనిముట్టు మారిందని కంటికి తెలుస్తుంది. చేతికి ఎవరో ఒకరు విడిగా చెప్పాలి.

ఎవరు చెప్పాలి? ఇక్కడ నా చదువు కాస్త అడ్డొస్తుంది, క్షమించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కదిలే యంత్ర భాగాలకు రక్షణ కంచె ఉండాలంది. దాని 22వ సెక్షన్‌లో ఒక తమాషా ఉంది. నడుస్తున్న యంత్రం దగ్గర తనిఖీ, సర్దుబాటు వంటి పనులు తప్పనిసరైతే, ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుషుడే, ఒంటికి బిగుతుగా ఉండే దుస్తుల్లో చేయాలని, ఆ దుస్తులు యజమానే ఇవ్వాలని అందులో రాశారు. ఆడవాళ్లు ఆ ఛాయలకు రాకూడదన్న ధోరణి సరే, కానీ వదులు బట్టల సంగతి ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. అయితే ఆ చట్టం గీసిన గీత ఏమిటంటే, కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది కార్మికులుంటేనే అది ఫ్యాక్టరీ. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యలను 20, 40కి పెంచింది. ఒక మనిషి, ఒక అరుగు, ఒక ప్లగ్గు ఉన్న చోటు ఆ గీతకు అప్పుడూ ఇవతలే, ఇప్పుడూ ఇవతలే. అక్కడ యజమాని, కార్మికుడు, ఇన్‌స్పెక్టరు ఒక్కరే. ఆయన వేళ్లు పోతే రాసుకునే రిజిస్టరు కూడా లేదు. రాసుకోవాల్సిన విలేఖరి ఎదురుగా కూర్చుని మంచినీళ్లు తాగి వచ్చింది.

జూన్‌లో ఆయన హైదరాబాద్ వచ్చారు. కూతురు నిజాంపేటలో ఉంటుంది, మనవడి స్కూలు చేర్పు. రెండు మధ్యాహ్నాలు మా డాబా మీదికి వచ్చారు. గదిలో అడుగు పెట్టగానే మెషీన్ జోలికి పోలేదు. ముందు నన్ను ఎగాదిగా చూశారు. "చున్నీ తీసి దండెం మీదెయ్యి. గాజులు తియ్యి. జడ లోపలికి ముడేసుకో" అన్నారు. చట్టంలోని బిగుతు దుస్తుల సెక్షన్ అదే. నేను కొనిపెట్టుకున్న నూలు గ్లౌజులు చూపించాను. అవి ఇంకా ప్రమాదం అన్నారు. పోగు ఒకటి చిక్కితే వేలికి బదులు చెయ్యంతా లాగుతుందట. కళ్లద్దాలు మాత్రం ఉండాలన్నారు. మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు కూడా మూసి ఉండేవి కావాలి.

తర్వాత మెషీన్. ప్లగ్గు తీసి, తీగను తన భుజం మీద వేసుకుని, అప్పుడు దాన్ని తిరగేశారు. ప్లానర్ అడుగు రెండు ముక్కలు. ముందు పలక పైకీ కిందికీ జరుగుతుంది, వెనక పలక కదలదు. ముందున్న నాబ్ తిప్పితే ముందు పలక ఎంత పైకి పోతుందో అంత లోతున కోత పడుతుంది. బ్లేడ్ల అంచు సరిగ్గా వెనక పలక మట్టానికి ఉండాలి. ఒక స్టీలు స్కేలును వెనక పలక మీద ఆనించి, చిన్న చెక్కపుల్లతో డోలును మెల్లగా తిప్పి చూపించారు. రెండు బ్లేడ్లూ స్కేలును ఒకేలా, తగిలీ తగలనట్టు తాకాలి. నా దానిలో ఒకటి తాకుతోంది, ఒకటి తాకడం లేదు. ఇన్నాళ్లూ మెషీన్ చేతిలో అదురుతుంటే అది దాని స్వభావమనుకున్నాను. బ్లేడ్లు రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది పనికిరాదు. బరువు తేడా వస్తే ఆ వేగంలో బేరింగులు దెబ్బతింటాయి. బోల్టులు బిగించాక స్పానర్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నారు, స్కూలు మాస్టారిలా. బల్ల మీదుందని చూపించాను. "మెషీన్‌లో లేదుగా, అది చాలు."

వెనక పలక చివర ఒక చిన్న కాలు ఉండాలి. కొత్త ప్లానర్లు చాలావాటికి ఉంటుంది. మెషీన్‌ను బల్ల మీద పెడితే ఆ కాలు దిగి వెనక భాగాన్ని పైకెత్తి ఉంచుతుంది, బ్లేడు బల్లకు తగలదు. నా సెకండ్ హ్యాండ్ మెషీన్‌కు ఆ కాలు విరిగిపోయి ఉంది. అది ఉండి ఉంటే ఆ రోజు మెషీన్ ఉన్నచోటే అరుస్తూ కూర్చునేది. రాణిగంజ్ వెళ్లి ఆ ప్లాస్టిక్ ముక్క వేయించుకున్నాను. అయినా ఆగేదాకా చేతిలో పట్టుకునే ఉండాలన్నది బాబాయ్ పద్ధతి. కాలు ఉన్నా లేకున్నా.

పాత చెక్కకు ఇంకో గండం, మేకులు. తలుపు మీద తాతగారి కాలం నుంచి తోరణాలకు, క్యాలెండర్లకు కొట్టినవి. తలలు విరిగి లోపల ఉండిపోయిన వాటిని రంగు కప్పేస్తుంది. బ్లేడు మేకును తాకితే నిప్పురవ్వతో సరిపెట్టుకుంటే అదృష్టం. బ్లేడు ముక్క ఊడి ఎటైనా ఎగరొచ్చు. బాబాయ్ సంచిలోంచి ఒక పాత స్పీకర్ అయస్కాంతం తీశారు. దానికి దారం కట్టి ఉంది. చెక్క మీద అంగుళం అంగుళం ఊగించుకుంటూ పోయారు. దారం ఒక్కసారి పక్కకు లాగినచోటల్లా సుద్దతో గుర్తు. మూడు తలుపుల్లో 19 గుర్తులు పడ్డాయి. వాటిలో కొన్ని చోట్ల అంతకు ముందే నేను ప్లానర్ నడిపాను. అక్కడ రంగు మాత్రమే లేచి మేకు దాకా పోలేదు. కోత లోతు తక్కువ పెట్టడం వల్ల కాదు, నాకు సరిగా నడపడం రాక.

లోతు గురించి ఆయన మాట ఒక్కటే: అర మిల్లీమీటరు. నాబ్ మీద రెండు, మూడు అంకెలున్నాయి కదా అంటే, "ఉంటయ్. కారులో నూట ఎనభై అంకె ఉండదా?" అన్నారు. నాలుగుసార్లు పల్చగా తీస్తే మెషీన్ తన్నదు, చెక్క చీలదు. చెక్కను బల్లకు రెండు సి-క్లాంపులతో బిగించాలి. కాలితో తొక్కడం, ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో నడపడం లేదు. జానెడు కంటే పొట్టి ముక్క అయితే మెషీన్ వద్దు, తోపడా తీసుకోమన్నారు. నడపడం ముందు పలక చెక్క మీద ఆనించి, బ్లేడు తాకక ముందే స్విచ్ నొక్కి, పూర్తి వేగం అందుకున్నాక తోయడం. మొదట్లో బరువు ముందు పిడి మీద, చివర్లో వెనక పిడి మీద. లేకపోతే చెక్క చివర గుంట పడుతుంది. నేను చేసిన ప్రతి చెక్క చివరా గుంటే. కణుపులు వచ్చినచోట వాటం చూసి, అవసరమైతే అవతలి వైపు నుంచి.

రెండో రోజు చెవుల సంగతి వచ్చింది. ఈ మెషీన్ల చప్పుడు మామూలుగా 85 డెసిబెల్స్ దాటే ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు, ఏళ్ల తరబడి వింటే వినికిడి తగ్గే స్థాయి అది. బాబాయ్ కుడి చెవి సరిగా వినబడదు. వయసనుకున్నారు. కొంత అదే కావచ్చు. ఇక పొట్టు. చేతి తోపడాలో పొట్టు చుట్టలుగా పడుతుంది, మెషీన్‌లో చెక్కపొడి గాల్లోకి లేస్తుంది. చెక్కపొడి మనిషికి క్యాన్సర్ కలిగించగలదని, ముఖ్యంగా ముక్కు లోపలి భాగాల్లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే తేల్చింది. కొవిడ్ కాలంలో కొన్న ఎన్95 మాస్కులు నా అలమరలో ఇంకా ఉన్నాయి, ఇప్పుడు పనికొస్తున్నాయి. బాబాయ్‌కు ఒక పెట్టె ఇచ్చాను. తువ్వాలు కట్టుకుంటే చాలదా అన్నారు. చాలదన్నాను. ఆ రెండు రోజుల్లో నేను ఆయనకు నేర్పింది అదొక్కటే.

ఒక విషయంలో మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. మన వడ్రంగుల్లో చాలామంది ప్లానర్‌ను బల్లకు తలకిందులుగా బిగించి, స్విచ్ లాక్ చేసి లేదా ట్రిగ్గర్‌కు బైండింగ్ వైరు చుట్టి, చెక్కనే దాని మీద తోస్తారు. అంచులు సూటిగా వస్తాయి, పని తొందరగా అవుతుంది. ఏ కప్పూ లేని బ్లేడు మీదుగా వేళ్లు పోతాయి. వేళ్లు పోగొట్టుకున్నాక కూడా ఆయన ఇంట్లో ఒక మెషీన్ అలాగే బిగించి ఉందని చెప్పారు. ఎందుకన్నాను. "రోజుకు ఆరు తలుపులు అడిగితే ఏం చెయ్యమంటావమ్మా? అంచుల మెషీన్ కొనాలంటే యాభై, అరవై వేలు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నా అలమరకు గడువు లేదు. ఆయన తలుపుకు ఉంది. జాగ్రత్త అనేది తీరిక ఉన్నవాళ్లు చేసుకోగలిగిన ఖర్చు కూడా. కనీసం దానిపై ఒక కప్పు, కాలితో నొక్కితే ఆగిపోయే స్విచ్ పెట్టిద్దామన్నాను. ఎలక్ట్రికల్ షాపులో ఆ కాలి స్విచ్ కొని ఆయన సంచిలో పెట్టాను. తీసుకున్నారు. బిగించారో లేదో ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాను. మాట మారుస్తున్నారు.

వెళ్లేముందు ఆయనే ఒక చెక్క చిత్రిక పట్టి చూపించారు. మొదటిసారి దగ్గరగా నిలబడి ఆ కుడిచెయ్యి చూశాను. ట్రిగ్గర్ మీద ఉండాల్సిన చూపుడువేలు పొట్టిది, అందుకే ఉంగరపు వేలుతో నొక్కుతున్నారు. లాక్ బటన్ జోలికి పోలేదు. చెక్క చివరికి రాగానే ట్రిగ్గర్ వదిలి, మెషీన్‌ను రెండు చేతులతో గాల్లోనే పట్టుకుని, పైకే లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు... పది దాకా. ఆరుకే ఆగిపోయింది. అయినా పది దాకా లెక్కపెట్టి, ప్లగ్గు పీకి, అప్పుడు బల్ల మీద పెట్టారు. గొట్టంలో ఇరుక్కున్న పొట్టును వెదురు పుల్లతో లాగారు. ఆ పుల్లకు చిల్లి పెట్టి, తాడుతో మెషీన్ తీగకే కట్టి ఇచ్చారు, వెతుక్కునే పని లేకుండా.

అలమరలో రెండు అరలు పూర్తయ్యాయి. కొత్త వైరు వేయించాను, లాక్ బటన్ తీసేయించాను. మెకానిక్ వింతగా చూశాడు కానీ తీశాడు. కరెంటు పోతే ప్లగ్గు తీశాకే గది దాటుతున్నాను. సుద్ద గుర్తులు పెట్టిన 19 మేకుల్లో 18 బయటికొచ్చాయి. మూడో తలుపు చెక్కలో ఒకటి కణుపు మధ్యలో విరిగింది, దేనికీ అందడం లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు తెమ్మన్నారు బాబాయ్, ఆయన దగ్గర సన్న ఉలి ఉందట. ఆ చెక్క గోడకు ఆనించి ఉంది. ఊరెళ్లినప్పుడు ఆ తలకిందుల మెషీన్ కూడా చూసి రావాలి. ఈసారి నోట్‌బుక్ పట్టుకెళ్తాను.